కన్నీటికి లింగభేదమున్నదా?

నవ్వే ఆడుదానిని, ఏడ్చే మగవానిని నమ్మరాదని తెలుగునాట ఒక సామెత కలదు. అది ఏనాడు పుట్టినదో గాని, దానిని వినకుండ పెరిగిన తెలుగుబిడ్డ అరుదు. పెద్దలు దానిని లోకానుభవసారముగా చెప్పుదురు, వినువారు తలయూపుదురు. కాని సామెతలన్నియు సత్యములు కావు. కొన్ని సామెతలు లోకమెట్లున్నదో చెప్పును. మరికొన్ని లోకమెట్లుండవలెనని పెత్తనము చేయువారు కోరుకొనిరో చెప్పును. ఈ సామెత రెండవ కోవకు చెందినది.

దీనిలోని రెండు భాగములను విడదీసి చూడరాదు. స్త్రీ బాహాటముగా నవ్వరాదు. పురుషుడు బాహాటముగా ఏడువరాదు. మనుష్యముఖమునకు పుట్టుకతో వచ్చిన రెండు శక్తులను లోకము ఆస్తి పంపకమువలె చెరిసగము చేసి, ఒకరినుండి నవ్వును, మరొకరినుండి ఏడుపును లాగికొన్నది. స్త్రీకి జరిగిన నష్టమును గురించి కందుకూరి వీరేశలింగము పంతులుగారి కాలమునుండి ఎంతో కొంత చర్చ జరిగినది. పురుషునికి జరిగిన నష్టమును గురించి జరిగిన చర్చ బహు స్వల్పము. కారణము తేటతెల్లము. ఈ పంపకములో నష్టపోయినవాడే ఇంటి యజమాని. యజమాని తన నష్టమును లెక్కలో చూపుకొనడు.

పసిబిడ్డ ఏడుపునుబట్టి ఆడుబిడ్డయో మగబిడ్డయో చెప్పగలవారు లేరు. మూడు నాలుగేండ్ల వరకు ఇద్దరి కన్నీటిని తల్లి ఒకే కొంగుతో తుడుచును. ఆ పిమ్మట ఒకనాడు బాలుడు వీధిలో పడి, మోకాలు చెక్కుకొని, ఏడ్చుచు ఇంటికి వచ్చును. "మగపిల్లవాడవై యుండి ఆడపిల్లవలె ఏడ్చెదవా?" అను మాట అప్పుడు మొదటిసారి వినబడును. అన్నది తండ్రియే కానక్కరలేదు. అమ్మమ్మ అనవచ్చును, అక్క అనవచ్చును, బడిపంతులు అనవచ్చును. ఆ ఒక్క మాటతో బాలుడు రెండు పాఠములు నేర్చుకొనును. తన నొప్పి పైకి చెప్పుకొనదగినది కాదనుట మొదటిది. ఆడపిల్ల తనకంటె తక్కువది యనుట రెండవది. ఈ రెండవ పాఠమును ఎవరును కావలెనని నేర్పలేదు. అది మొదటిదానిలో దాగియున్నది. పెద్దవాడైన తరువాత అతడు మొదటి పాఠము విన్న దినమును మరచినను, రెండవదానిని మాత్రము మరువడు.

తరువాత తిట్లు పెరుగును. గాజులు తొడుగుకొమ్మందురు, చీర కట్టుకొమ్మందురు, ఆడంగి యందురు. పురుషుని నొప్పించుటకు వాడు మాటలలో స్త్రీల వస్త్రాభరణముల పేర్లు ఇన్ని యుండుట చూడగా, మగతనమనునది స్వతస్సిద్ధమైన గుణమేనా యని సందేహము కలుగును. అగ్నికి వేడివలె అది సహజమైనచో ఒక గాజుపేరు చెప్పినంతనే జారిపోదు గదా!

గాజుల మాట వచ్చినది గనుక విరాటపర్వమును స్మరింపవచ్చును. వానలు పడని యేట తిక్కన విరాటపర్వమును చదివించు ఆచారము తెలుగుపల్లెలలో ఉండెడిది. ఆ పర్వములో అర్జునుడు బృహన్నలయై, గాజులు తొడిగి, విరాటరాజు కూతురైన ఉత్తరకు నాట్యము నేర్పుచు ఏడాదికాలము గడపెను. కౌరవులు ఆలమందలను పట్టినప్పుడు, అంతఃపురమున బీరములు పలికిన ఉత్తరకుమారుడు రథము దిగి పారిపోగా, అతనిని పట్టి తెచ్చి యుద్ధము గెలిచినవి ఏడాదిపాటు గాజులు మోసిన ఆ చేతులే. వానకొరకు ఆ కథను శ్రద్ధగా విన్న పురుషులే మరునాడు పొలముగట్టు తగవులో ఎదుటివానిని గాజులు తొడుగుకొమ్మనుట విచిత్రము.

ఏడువరాదను నియమమునకు శాస్త్రప్రమాణము లేకపోలేదు. భరతముని నాట్యశాస్త్రము ఏడవ అధ్యాయమున శోకభావమును వివరించుచు, ఉత్తములును మధ్యములును శోకమును ధైర్యముతో భరింతురనియు, స్త్రీలును నీచప్రకృతులును రోదనముతో వెలిబుచ్చుదురనియు నిర్ణయించినది. ఇది నటులకొరకు చెప్పిన విధి. రంగముమీద రాజును సేవకునినుండి వేరుచేసి చూపుటకు పనికివచ్చును. కాని ఆ విధిని నిలిపి చూచినచో ఒక సంగతి కంటబడును. అందు స్త్రీయు నీచుడును ఒకే పంక్తిలో కూర్చుండబెట్టబడిరి. నీచప్రకృతి యనగా కులము కాదు, గుణమని పండితులు సమర్థింపవచ్చును. సంస్కృత నాటకములలో ఆ పాత్రలు ఎవరికి దక్కెనో, స్త్రీలచేతను సేవకులచేతను సాధారణముగా ప్రాకృతమే ఏల మాటలాడించిరో ఎరిగినవారికి ఆ సమర్థన చాలదు. పురుషుడు ఏడుపునకు దూరముగా నుండవలెననుటయు, పెద్దకులమువాడు తక్కువవానికి దూరముగా నుండవలెననుటయు వేరువేరు కట్టుబాట్లు కావు. తన్ను తాను పైమెట్టుమీద ఉంచుకొనగోరువాడు క్రిందిమెట్టువాని లక్షణములు తనయందు కనబడకుండ జాగ్రత్తపడుటయే రెండింటను ఉన్నది. కులమును కాదన్న సమాజములో మొదటిది చెక్కుచెదరక నిలిచియుండుట ఆలోచింపదగిన విషయము.

కవులు మాత్రము ఈ విధిని అంతగా మన్నింపలేదు. వాల్మీకి రాముడు సీతను గోల్పోయి కనబడిన చెట్టునెల్ల అడుగుచు విలపించెను. ఎనిమిదవ శతాబ్దివాడైన భవభూతి ఉత్తరరామచరితము మూడవ అంకమున రామునిచేత ఎలుగెత్తి ఏడ్పించుటయే కాక, ఆ ఏడుపు తగినదేయని తమసానదీదేవతచేత చెప్పించెను. ఆమె చూపిన పోలిక నిండి పొంగు చెరువునకు పొర్లిపోవు దారియుండుట. చెరువులమీద బ్రతికిన తెలుగువారికి ఈ పోలికను విప్పి చెప్పనక్కరలేదు. దానిని తెలంగాణమున మత్తడి యందురు, మరికొన్నిచోట్ల అలుగు అందురు. కాకతీయులనాటి పాకాల, రామప్ప చెరువులు ఎనిమిది వందల యేండ్లు నిలిచినవనగా కట్టల గట్టిదనము ఒక్కటే కారణము కాదు. మత్తడి లేని చెరువు, కట్ట ఎంత బలమైనదైనను, ఏదో ఒక పెద్దవానకు తెగును. తెగిననాడు ఆ నీరు చెరువును మాత్రమే పాడుచేసి ఊరకుండదు. దిగువనున్న పొలములమీద పడును. పురుషుని దుఃఖమునకు దిగువనున్న పొలమెవరిదో ఊహించుట కష్టము కాదు.

భగవద్గీతను ఎత్తి చూపువారు కలరు. కన్నీరు నిండిన అర్జునుని శ్రీకృష్ణుడు క్లైబ్యము వలదని మందలించెను గదా యందురు. మందలించిన మాట నిజమే. కాని ఆ మందలింపు రెండు శ్లోకములతో ముగిసినది. దానితో అర్జునుడు లేచి విల్లెత్తలేదు. తనకు దారి తోచుటలేదని మరల చెప్పుకొని, శిష్యుడనని శరణువేడిన పిమ్మటనే ఉపదేశము ఆరంభమైనది. తిట్టు చేయలేని పనిని ఓపికతో వినుట చేసినది. పైగా మొదటి అధ్యాయమునకు అర్జున విషాదయోగమని పేరు. విషాదమునకు యోగమను గౌరవము దక్కినది. క్లీబత్వము పేరుతో మందలింపబడిన ఆ అర్జునుడు అంతకు కొద్దికాలము క్రిందటనే బృహన్నలగా బ్రతికి వచ్చినవాడు. ఆ మాట అతనిని కదలింపకపోవుటలో వింత యేమున్నది?

వీరశైవమునకు ఈ ప్రశ్నతో గల సంబంధము ఇంతకంటె దగ్గరిది. బసవేశ్వరుడు బాల్యముననే ఉపనయనమును నిరాకరించిన సంగతి పాల్కురికి సోమనాథుని బసవపురాణమున కలదు. అక్క నాగమ్మకు లేని సంస్కారము తనకేల యని ఆయన అడిగెనని లోకము చెప్పుకొనును. ఇష్టలింగధారణకు స్త్రీపురుషభేదము లేదు. ఇవి తరచుగా వినబడు విషయములే. అంతగా చర్చకు రానిది శరణసతి లింగపతి భావము. లింగమే పతి, శరణుడు సతి. గడ్డము వచ్చినవాడైనను, రాజ్యమేలువాడైనను లింగము ముందు అతనిది భార్యాస్థానమే. ఉరిలింగదేవుడు, గజేశ మసణయ్య మొదలగు పురుష వచనకారులు ఈ భావమున నిలిచి విరహమును, నిరీక్షణమును, అలుకను చెప్పుకొనిరి. తన పురుషరూపము తొడిగికొన్న వేషమువంటిదను భావము బసవేశ్వరుని వచనమొకదానిలోను కలదు. బిజ్జలుని కొలువున భండారమును నడపిన అధికారి, కల్యాణములో పదిమంది తలవంచు మనిషి, అట్లు చెప్పుకొనుటకు సిగ్గుపడలేదు.

ఈ మహాభావమును ఆచరణలో ఎంత చిన్నదిగా చేసికొంటిమో చూడవలెను. ఉదయము పూజవేళ సతియైనవాడు గడియ తిరుగకమునుపే కాఫీ ఆలస్యమైనదని ఇల్లాలిమీద గొంతెత్తును. లింగము అరచేత నున్నంతసేపే సతీభావము. దానిని వస్త్రమున చుట్టి మెడలో వేసికొనగానే పతీభావము. దేవునియెదుట భార్యగా ఉండుటలోని నమ్రతను భార్యయెదుట ఒక్క క్షణమైనను చూపని భక్తి సగము వేషమే.

ఈ భావములోనే ఒక చిక్కున్నదని కూడ ఒప్పుకొనవలెను. కన్నీరును లొంగుబాటును స్త్రీస్వభావములని ముందే నిర్ణయించి, వాటిని పురుషుడు పూజవేళకు అరువు తెచ్చుకొన్నచో, అరువు తీర్చిన వెంటనే ఎక్కువతక్కువలు యథాస్థానమునకు వచ్చును. అక్కమహాదేవి ఏమియు అరువు తెచ్చుకొనలేదు. చెన్నమల్లికార్జునుని పతిగా వరించి, కౌశికుని విడిచి, శ్రీశైలమునకు నడచినది. ఆమెయందు ఎంత కన్నీరున్నదో అంత మొక్కవోని పంతమున్నది. ఒకటి ఆడుది, మరొకటి మగది యని విడదీయుటకు వీలులేదు. లోపల మెలగు ఆత్మ ఆడుదియు కాదు, మగదియు కాదని దేవర దాసిమయ్య, గొగ్గవ్వ వంటి శరణులు తేల్చి చెప్పిరి. సతీభావమునకు పైమెట్టు అది.

ఆ మెట్టును మాటవరుసకు గాక మనసార ఒప్పుకొన్నవారు, దేహము పురుషునిదై మనస్సు అట్లుకాని మనుష్యులను ఎట్లు చూడవలెనో వేరుగా చెప్పించుకొననక్కరలేదు. వీధిలో గాజులమాటగా వినబడు వెక్కిరింత ఒకప్పుడు చట్టముగా కూడ ఉండెను. హైదరాబాదు సంస్థానమున 1919లో వచ్చిన చట్టమొకటి అట్టివారి పేర్లను పట్టికలో వ్రాసి, స్త్రీవేషముతో వీధిలో కనబడినచో వారంటు లేకయే పట్టుకొనుటకు అధికారమిచ్చినది. తెలంగాణ హైకోర్టు దానిని కొట్టివేసినది 2023లో. అంతకుముందే, 2014 ఏప్రిల్ 15న, తాను స్త్రీయో పురుషుడో అన్యమో నిర్ణయించుకొను హక్కు ఆ మనిషిదేయని సుప్రీంకోర్టు తీర్పు చెప్పినది. నూరేండ్ల చట్టము పోయినది గాని, మూడేండ్ల బాలునితో అన్న మాట పోలేదు.

భక్తుల ఇండ్లలో వినబడు ఆక్షేపణ మరొకటి కలదు. సిరియాళుడు కంట తడిపెట్టక కన్నకొడుకును శివార్పణము చేయలేదా? అదియే మగతనము, అదియే నిష్ఠ యందురు. బసవపురాణమునను, శ్రీనాథుని హరవిలాసమునను వచ్చిన ఈ కథను విన్నవారు తండ్రినే తలచుకొందురు. ఆ కార్యమున తల్లి సంగళవ్వ పాలు తక్కువది కాదు. ఆమె కన్నులును పొడిగానే యుండెను. కనుక కంటితడి లేకపోవుట పురుషలక్షణమనుటకు ఈ కథ సాక్ష్యము కాదు. వ్రతముకొరకు దుఃఖమును ఆపుకొనుట వేరు, పదిమంది నవ్వుదురని ఆపుకొనుట వేరు. మొదటిదానిలో ఆపుకొన్నవాడు స్వతంత్రుడు. రెండవదానిలో అతడు వీధిలోని వారికి దాసుడు. కథ చివర శివుడు అడిగినదేమి? కొడుకును పేరుపెట్టి పిలువుమనెను. గొంతులో ప్రేమ లేనివారికి ఆ పిలుపు రాదు.

ఏడువరాదన్న మనిషికి లోకము ఒక్క వికారమును మాత్రము విడిచిపెట్టినది. అది కోపము. దుఃఖము కలిగినను, భయము కలిగినను, అవమానము కలిగినను అతడు కోపపు భాషలోనే చెప్పవలెను. కొడుకు పరీక్ష తప్పినాడన్న దిగులు చెంపదెబ్బ యగును. పంట పోయిన బెంగ కంచము విసరుట యగును. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో, 18నుండి 49 యేండ్లలోపు వివాహిత స్త్రీలలో నూటికి సుమారు 29 మంది భర్తచేతి హింసను ఎప్పుడో ఒకప్పుడు అనుభవించినవారే. ఇదంతయు ఆపుకొన్న కన్నీటివలననే జరిగినదనుట తప్పు. అధికారమదమును దుఃఖమని పేరుపెట్టి క్షమించరాదు. కాని ఏడువనేర్వని చేయి కొట్టుట త్వరగా నేర్చుకొనునన్నది ఇండ్లలో కనబడుచున్న విషయమే.

దిగువ పొలము లేనప్పుడు కట్ట లోపలికే కూలును. 2022లో దేశమున ఆత్మహత్య చేసికొన్నట్లు జాతీయ నేర నమోదు సంస్థ లెక్కించినవారు 1,70,924 మంది. వారిలో పురుషులు 1,22,724 మంది. అనగా నూటికి డెబ్బది యిద్దరు. బలవంతుడనబడిన జాతి ఇంత పెద్దసంఖ్యలో రాలిపోవుటను చూచికూడ బలమనగా ఏమో తిరిగి ఆలోచించినవారు కొద్దిమంది. 1997-98లో వరంగల్లు ప్రాంతమున పత్తి రైతులు పురుగుమందు త్రాగి మరణించిరి. పురుగు, వడ్డీ, నకిలీ విత్తనము, పడిపోయిన ధర వారిని చంపినవి. కన్నీరు కార్చినంతమాత్రమున అప్పు తీరెడిది కాదు. ఐనను, మగనికి ఎంత అప్పున్నదో అతడు పోయిన తరువాత వాకిట నిలిచిన షావుకారులవలన తెలిసికొన్న ఇల్లాండ్రు ఉండిరి. ఏండ్ల తరబడి ఒకే కప్పుక్రింద పడుకొన్న మనిషికి ఆ అంకె చెప్పలేకపోవుటను ధైర్యమందుమా?

ప్రతి కన్నీరును పవిత్రమని కూడ అనరాదు. సామెతలో ఒక పిసరు నిజమున్నది. రాత్రి త్రాగి వచ్చి కొట్టి, తెల్లవారి భార్య కాళ్లయొద్ద కూర్చుండి ఏడ్చి, సాయంత్రము మరల అదే అంగడికి పోవువాని ఏడుపును నమ్మనక్కరలేదు. అది దుఃఖము కాదు, వాయిదా. అట్టి కన్నీటిని నమ్మి బ్రతుకు పోగొట్టుకొన్న స్త్రీలు ఈ సామెతను వల్లించినచో తప్పుపట్టుట న్యాయము కాదు. కాని వారు నమ్మరాదన్నది మోసమును. లోకము దానిని మగవాని ఏడుపునంతటికి అంటగట్టినది.

పురుషుని కన్నీటికి లోకమే అనుమతించిన ఘడియ యొకటి కలదు. అది పెండ్లిలో అప్పగింతలవేళ. కూతురు చేతిని పాలలో ముంచి వియ్యాలవారి చేతులలో పెట్టునప్పుడు తండ్రి భోరున ఏడ్చినను ఎవరును నవ్వరు. ఏడువకున్నచో రాతిగుండె యందురు. ఇరువదియేండ్లు ఆ తండ్రి కంటిలో నీరు లేదా? ఉన్నది, ఆనాటివరకు దానికి సెలవు దొరకలేదు. కూతురు వెళ్లునప్పుడు తప్ప తండ్రి ప్రేమను ఆమె కన్నులార చూడలేకపోవుట ఆ ఇంటి ఆచారములోని లోపము.

చావు ఇంటిలో ఆ సెలవు ఇంకను కురచ. శరణులకు మరణము లింగైక్యము, సూతకము లేదు, ఏడువవలదని పెద్దలు చెప్పుదురు. ఆ మాటను తల్లిపోయిన కూతురికిని చెప్పుదురు, భార్యపోయిన భర్తకును చెప్పుదురు. కూతురు వినదు, ఏడ్చును, నలుగురు స్త్రీలు ఆమెను పొదివి పట్టుకొందురు. భర్త వినును. అతనిని ఎవరును ముట్టుకొనరు. భుజము తట్టి, ధైర్యముగా నుండుమని, బండి వేళయైనదని వెళ్లిపోవుదురు. నెల తిరుగును. ఆమె చనిపోయినప్పుడు గట్టిగా నిలిచినాడని ఊరిలో అతనికి మంచిపేరు వచ్చును. ఆ మంచిపేరుతో అతడు సాయంత్రములు అరుగుమీద ఒంటరిగా కూర్చుండును.

అట్టి అరుగుమీదికి ఒకనాడు పొరుగింటి వృద్ధుడు వచ్చి కూర్చుండుననుకొందము. మొదట వాన సంగతి వచ్చును, పిమ్మట మిరపధర, పిమ్మట మనుమల చదువులు. మాటలు అయిపోవును. లేవవలసిన వేళ వృద్ధుడు లేవడు. "వదిన ఉన్నప్పుడు ఈ వేళకు చాయ వచ్చెడిది గదా, అన్నా" అనును. ఆ మాటకు ఎదుటివాని గడ్డము వణకును. కండువా ముఖమునకు పోవును. వృద్ధుడు ఊరుకొమ్మని అనడు, ధైర్యము చెప్పడు, వీధివంక చూచి ఎవరైన వచ్చుచున్నారా యని వెదుకడు. దీపములు పెట్టు వేళవరకు అచ్చటనే కూర్చుండును.